శిలకు చిక్కని నాదం

సంగీతమనగానే మన మనస్సునకు మొదట తోచేది మాధుర్యం. రాగం తీయగా ఉండవలె, తాళం కుదురుగా ఉండవలె, గాయకుని కంఠం శ్రోతలను అలరింపవలె. రంజింపజేసేదే రాగమని శాస్త్రకారులు కూడ సెలవిచ్చినారు. కాని లోకంలో మరొక జాతి ధ్వని ఉన్నది. దానికి రంజింపజేయవలెననే తొందర లేదు. అది శ్రోతను చుట్టుముట్టి, మెల్లగా తనలోనికి తీసికొంటుంది. గర్భగుడి చీకటిలో గంట మ్రోగి ఆగిన తరువాత రాతిగోడల నడుమ ఇంకను తిరుగాడే శేషధ్వని ఆ జాతిది. పాట మొదలు కాకముందు తంబుర ఒక్కటే మ్రోగుతున్నప్పుడు సభలో నెలకొనే నిశ్చలత ఆ జాతిది. అర్ధరాత్రివేళ ఊరి పొలిమేర నుండి పంబ మ్రోత వినవచ్చినప్పుడు పక్కమీది పిల్లవాడు కనులు తెరచి, భయమో భక్తియో తెలియని భావంతో చెవియొగ్గేది కూడ ఆ ధ్వనికే.

ఇట్టి ధ్వనినే ప్రధానంగా గైకొని పాశ్చాత్య దేశాలలో గడచిన నలభై సంవత్సరాలలో ఒక సంగీతశాఖ పెరిగినది. దానిని ‘డార్క్ ఏంబియెంట్’ అంటారు. ‘చీకటి ఆవరణపు సంగీతం’ అని మనం స్థూలంగా చెప్పుకొనవచ్చు. ఈ పేరు మన పాఠశాలలలో వినబడేది కాదు. కాని ఆ శాఖ వెదుకుతున్న వస్తువు మనకు క్రొత్తది కాదు. దానిని గురించి ఆలోచించుటకు గుంటూరు నుండి పొన్నూరు పోయే దారిలోని చేబ్రోలు వంటి గ్రామం మరొకటి అరుదు. అక్కడి రాళ్ళు పదునెనిమిది వందల ఏండ్ల కథ చెబుతవి. అక్కడ పాలించిన ఒక సేనాని నృత్యశాస్త్రం వ్రాసినాడు. అయినను ఆ రాయిగాని, ఆ శాస్త్రంగాని పట్టి ఉంచలేకపోయినది ఒకటి ఉన్నది. అది ధ్వని. ఈ వ్యాసం ఆ నష్టాన్ని గురించీ, ఇంకను నష్టపోని దానిని గురించీ.

చీకటి ఆవరణం

ముందుగా ఆ పాశ్చాత్య శాఖ పుట్టుక తెలిసికొందాము. 1978లో ఆంగ్ల సంగీతకారుడు బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఏర్‌పోర్ట్స్’ అనే రికార్డు వెలువరించినాడు. గదిలోని వెలుతురువలె, గాలివలె, పరిసరాలలో కలిసి ఉండే సంగీతం కావలెనని ఆయన సంకల్పం. దానికి ఆయనయే ‘ఏంబియెంట్’ అని పేరు పెట్టినాడు. ఆ సంగీతం ప్రశాంతమైనది. అదే మార్గంలో నడచి, ప్రశాంతికి బదులు గాంభీర్యాన్నీ, నిగూఢతనూ, ఒక్కొక్కప్పుడు భయానకాన్నీ సాధింపబూనిన వారు తరువాత వచ్చినారు. వేల్సు దేశీయుడైన బ్రయన్ లస్ట్‌మోర్డ్ వారిలో ముఖ్యుడు. ఆయన గుహలలోను, పాత చర్చీల క్రింది సమాధి గదులలోను ధ్వనులు సేకరించి, వాటిని యంత్రాలతో సాగదీసి, మంద్రస్థాయికి దింపి, 1990లో ‘హెరెసీ’ అనే రికార్డు చేసినాడు. ఈ శాఖకు అది మూలగ్రంథం వంటిదని అభిమానులు భావిస్తారు.

ఇందులో పల్లవి లేదు, చరణం లేదు. పాడుకొనదగిన వరుస లేదు. చప్పట్లకు అవకాశమిచ్చే ముగింపు లేదు. ఒకే మంద్రధ్వని నిమిషాల తరబడి సాగుతుంది. దాని క్రింద దూరాన ఏదో రాయి దొర్లినట్లు, నీరు జారినట్లు, ఎవరో గుంపుగా మంత్రం పఠిస్తున్నట్లు అస్పష్టంగా వినవస్తుంది. వినేవారు దీపం ఆర్పి, ఒంటరిగా కూర్చుండి వింటారు. వారిలో పెక్కురు ఈ అనుభవాన్ని పూజతోనో, తంతుతోనో పోల్చి చెబుతారు. దేవుని ప్రసక్తి లేనివారు కూడ ఆ మాటయే వాడుతారు. ఇది ఆలోచింపదగిన విషయం. రాగం, తాళం, సాహిత్యం అన్నీ విడిచిపెట్టిన పిమ్మట సంగీతంలో మిగిలేది తంతు అన్నమాట!

మరొక ఉదాహరణం. 1988లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఫోర్ట్ వార్డెన్ అనే పాత కోటవద్ద నేలలో కట్టిన ఖాళీ నీటితొట్టిలోనికి పాలీన్ ఒలివెరోస్ అనే విదుషి మరి ఇరువురు సహచరులతో దిగినది. అక్కడ చేసిన ధ్వని ఆగిపోవుటకు సుమారు 45 సెకనులు పడుతుంది. ఒక స్వరం వాయించినచో, అది అణగిపోకముందే దానిపై మరి పది స్వరాలు చేరుతవి. ఏది ఇప్పటి స్వరం, ఏది ఇందాకటి స్వరం అనే వివేచన చెవికి అందదు. ఆ చోటు తానే నాలుగవ వాద్యకారుడైనది. ఈ సాధనకు ఆమె పెట్టిన పేరు ‘లోతుగా వినుట’ అని అర్థమిచ్చేది. వాయించే పద్ధతిని గాక వినే పద్ధతిని సాధనగా చేసినందున ఆమె కృషి ఉపాధ్యాయులకు ముఖ్యమైనది.

ఈ ధారలో మన దేశపు పాలు కూడ ఉన్నది. అమెరికాలో నిడుపైన ఏకస్వర సంగీతానికి ఆద్యులలో ఒకడైన లా మాంట్ యంగ్ మన తంబుర నాదాన్ని రికార్డులలో విని ముగ్ధుడైనాడు. 1970లో హిందూస్థానీ గాయకుడు పండిత ప్రాణనాథ్ న్యూయార్కు చేరినప్పుడు ఆయనకు శిష్యుడైనాడు. మనం గాయకుని వెనుక కూర్చుండబెట్టిన తంబురను వారు ముందుకు తెచ్చి, అదియే సంగీతమన్నారు.

మంద్రధ్వని మర్మం

ఈ విధమైన ధ్వని మనిషిని ఎందుకు చుట్టుముడుతుంది? దీనికి భౌతికశాస్త్రం కొంత సమాధానం చెబుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 50 కంపనాలు గల మంద్రధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. సెకనుకు 3400 కంపనాలు గల తారధ్వని తరంగం పొడవు 10 సెంటీమీటర్లు మాత్రమే. ధ్వని ఏ దిక్కునుండి వచ్చినదో మనం రెండు చెవులకు అందే భేదాన్ని బట్టి గ్రహిస్తాము. తారధ్వనికి మన తల అడ్డు నిలిచి ఒక చెవిపై నీడ వేస్తుంది. ఏడు మీటర్ల తరంగానికి మన తల అడ్డమే కాదు. అది తలను చుట్టి పోతుంది. రెండు చెవులకు దాదాపు ఒక్కతీరుగా అందుతుంది. అందుచేత దాని దిక్కు తెలియుట కష్టం. దిక్కు తెలియని ధ్వని అన్ని దిక్కుల నుండి వచ్చినట్లు తోస్తుంది. పైగా బాగా మంద్రమైన ధ్వనిని చెవి ఒక్కటే గ్రహించదు. రొమ్ము, కడుపు, పాదాల క్రింది నేల కూడ గ్రహిస్తవి.

రెండవది దీర్ఘత. హఠాత్తుగా పుట్టి ఆగే ధ్వనిని మనస్సు ఒక సంఘటనగా గుర్తిస్తుంది. ఆగని ధ్వనిని అది ఒక ప్రదేశంగా భావిస్తుంది. సంఘటనను మనం చూస్తాము; ప్రదేశంలో మనం ఉంటాము. తంబుర చేసే పని ఇదే. దాని తీగకు, వంతెనకు నడుమ ఇరికించే సన్నని నూలుపోగు వలన జీవం పుట్టి, ఒక్క తీగలోనే అనేక ఉపస్వరాలు మెరుస్తూ వినవస్తవి. సర్ సి. వి. రామన్ 1921లో ఈ విషయాన్ని పరిశోధించి, మీటిన స్థానాన్ని బట్టి వినబడరాని ఉపస్వరాలు కూడ మన తంబుర, వీణలలో వినబడుతున్నవని, దానికి కారణం ఆ వంతెన నిర్మాణమేనని నిరూపించినాడు. 1920లోనే ఆయన మృదంగాన్ని గురించి వ్రాస్తూ, చర్మం నడుమ వేసే నల్లని పూత వలన ఆ వాద్యానికి స్వరశుద్ధి అబ్బినదని తెలిపినాడు. మన వాద్యనిర్మాతలకు సూత్రం తెలియకపోవచ్చు, చెవి తెలుసు.

మూడవది ఆవృత్తి. ఒకే దరువు వందసార్లు వేసినచో పదవసారికి విసుగు పుడుతుంది. ముప్పదవసారికి విసుగు పోతుంది. ఆ పిమ్మట మనస్సు ఆ దరువు కొరకు ఎదురుచూచుట మాని, దానిపై నిలిచి ఉంటుంది. జపమాల తిప్పేవారికి ఈ రహస్యం విశదమే.

నాలుగవది చీకటి. కన్ను పనిచేయునంతవరకు చెవి దానికి సేవకురాలు. కన్ను అణగినప్పుడే చెవికి స్వతంత్రం. మన గర్భాలయాలకు కిటికీలు లేకపోవుటకు కారణాలు ఎన్ని ఉన్నను, ఈ ఫలితం మాత్రం స్పష్టం. వెలుతురు గల ముఖమండపం నుండి అంతరాళంలోనికి, అక్కడి నుండి గర్భగుడి ముంగిలికి నడచేసరికి మాట దానంతట అదే సన్నగిల్లుతుంది. గోడలు దగ్గరవుతవి. చిన్న గంటకు పెద్ద గొంతు వస్తుంది.

తాంబ్రపురి కథ

ఇక చేబ్రోలు మాట. 2019లో అక్కడి భీమేశ్వరాలయ జీర్ణోద్ధరణ సందర్భంలో ఒక శాసనం బయటపడినది. శాతవాహనరాజైన విజయుని 5వ పాలనా సంవత్సరంలో, అనగా క్రీ. శ. 207లో వేయించిన సంస్కృత శాసనమది. కార్తికుడనే వ్యక్తి తాంబ్రాపేలోని భగవతి శక్తిమాతృక ఆలయంవద్ద ప్రాసాదమండపాలు నిర్మించి, ప్రతిమను ప్రతిష్ఠించిన సంగతి అందులో ఉన్నది. తాంబ్రాపే అనేది చేబ్రోలు ప్రాచీననామం. సప్తమాతృకల ఆరాధనకు ఇంతవరకు దొరికిన శాసనాధారాలలో ఇది ప్రాచీనతమమని పురాతత్త్వవేత్తలు ప్రకటించినారు. తెలుగునేలపై అమ్మతల్లి కొలువునకు ఇంత పాతదైన లిఖితసాక్ష్యం ఈ గ్రామంలోనే దొరకుట విశేషం. ఆనాటి ఆ కొలువులో ఏ వాద్యాలు మ్రోగినవో శాసనం చెప్పదు. మండపం పేరు నిలిచినది, దాత పేరు నిలిచినది, మ్రోత నిలువలేదు.

వేయి సంవత్సరాల తరువాత ఈ ఊరికి తామ్రపురి అనే పేరు ప్రసిద్ధమైనది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి దివిసీమను జయించి, అచటి నాయకకుటుంబంతో వియ్యమంది, ఆ కుటుంబంలోని బాలుడైన జాయపను తన కొలువులోనికి తీసికొన్నాడు. ఆ బాలుడే పెరిగి గజసైన్యాధిపతియైన జాయప సేనాని. తామ్రపురి అతని ఏలుబడిలోనికి వచ్చినది. క్రీ. శ. 1213 నాటి చేబ్రోలు శాసనం అతనిదే. తన తండ్రి పేర చోడేశ్వరాలయం కట్టించిన సంగతి, ఆలయ నర్తకీమణులకు నివాసగృహాలు ఏర్పరచిన సంగతి అతని శాసనాల వలన తెలియవస్తున్నవి. ఏనుగులను నడిపించిన ఆ చేయియే క్రీ. శ. 1253-54లో ‘నృత్తరత్నావళి’ అనే సంస్కృత గ్రంథం వ్రాసినది. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు మార్గపద్ధతిని, తరువాతి నాలుగు దేశిపద్ధతిని వివరిస్తవి. డాక్టరు వి. రాఘవన్ గారి పరిష్కరణలో అది 1965లో మద్రాసునుండి ప్రకటితమైనది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు దానిని తెనిగించినారు.

జాయప వర్ణించిన దేశినృత్యాలలో పేరణి ఒకటి. అతనికి సమీపకాలికుడే అయిన శార్ఙ్గదేవుడు కూడ ‘సంగీతరత్నాకరం’లో దీనిని వివరించినాడు. పేరణి నర్తకుడు దేహమంతట తెల్లని పూత పూసికొని, పిక్కలకు గర్ఘరాలనే మువ్వలు కట్టుకొని రంగంలో ప్రవేశిస్తాడు. ఈ నృత్యానికి ఐదు అంగాలు చెప్పినారు. అందు మొట్టమొదటిది గర్ఘరం, అనగా పాదవిన్యాస భేదాలచేత ఆ మువ్వలను వేరువేరు రీతుల పలికించుట. గమనింపుడు: భంగిమకంటె ముందు, భావంకంటె ముందు, కథకంటె ముందు ధ్వని! నర్తకుడు తన దేహాన్నే ఒక వాద్యంగా చేసికొని, ప్రేక్షకుని చెవిని వశపరచుకొన్న తరువాతనే అతని కన్నునకు పని కల్పిస్తాడు.

చేబ్రోలు శాసనం వెలసిన ఆ 1213 సంవత్సరంలోనే ఓరుగల్లుకు ఆవల పాలంపేటలో గణపతిదేవుని మరొక సేనాని రేచర్ల రుద్రుడు ఆలయం నిర్మించి శాసనం వేయించినాడు. అదే రామప్పగుడి. 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ ఆలయపు స్తంభాలపైన, కోణాలలోను నర్తకులు, మార్దంగికులు నేటికీ నిలిచి ఉన్నారు. నటరాజ రామకృష్ణ గారు జాయప గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను ముందుంచుకొని అనేక సంవత్సరాలు శ్రమించి, పేరిణి శివతాండవాన్ని పునర్నిర్మించినారు. 1985 శివరాత్రినాడు రామప్ప ప్రాంగణంలో పెక్కుమంది నర్తకులతో అది ప్రదర్శితమైనది. మద్దెలల మ్రోత నడుమ శివుని తనయందు ఆవాహన చేసికొని నర్తకుడు తాండవించే ఆ దృశ్యాన్ని చూచినవారు మరువరు.

ఆ మహనీయుని కృషికి తెలుగుజాతి ఋణపడి ఉన్నది. అయినను ఒక సత్యం గుర్తింపవలె. ఆయనకు భంగిమ శిలనుండి లభించినది. లక్షణం గ్రంథంనుండి లభించినది. ఆనాటి మద్దెల ఎంత మంద్రంగా మ్రోగినదో, దరువునకు దరువునకు నడుమ మౌనం ఎంతసేపు నిలిచినదో, ఆ మౌనంలో సైనికుని గుండె ఎట్లు కొట్టుకొన్నదో మాత్రం ఏ శిలయు, ఏ గ్రంథమూ ఆయనకు చెప్పలేదు. రాతిలోని మార్దంగికుని చేయి మద్దెలపై ఆనుకొని ఎనిమిది వందల ఏండ్లు గడచినవి. ఆ దెబ్బ చప్పుడు మనకు వినబడదు. ఆయన తన సంగీతజ్ఞానంతో, ఊహతో ఆ లోటు పూరింపవలసి వచ్చినది.

ధ్వని చెవినుండి చెవికి నడిచే విద్య. 1323లో ఓరుగల్లు పతనంతో రాజపోషణ తెగినది. ఆలయనర్తకుల పరంపర ఎన్నో ఒడుదుడుకులతో సాగి, కాలక్రమాన దోపిడికి, నిందకు గురియై, 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధచట్టం రావలసిన స్థితికి చేరినది. ఆ చట్టం ఆడపడుచులకు న్యాయం చేసినది, దానిని తప్పుపట్టరాదు. కాని ఆ ఇండ్లలోని వృద్ధుల చెవులలో ఉన్న విద్యను వ్రాసికొని దాచిపెట్టే ఏర్పాటు మాత్రం ఆనాడు ఎవరూ తగినంతగా చేయలేదు.

వ్రాయని శాస్త్రం

ఇంతవరకు పోయినదానిని గురించి చెప్పుకొన్నాము. పోనిది కూడ ఉన్నది. అది రాజుల మండపాలలో లేదు. పల్లె అమ్మతల్లుల కొలువులలో ఉన్నది.

పదునైదవ శతాబ్దం నాటిదని పండితులు భావించే ‘క్రీడాభిరామం’లో, ఓరుగంటి ఏకవీరాదేవి యెదుట ఒక బవనీడు వాద్యం మ్రోగిస్తూ పరశురాముని కథలు పాడుట వర్ణితమైనది. ఆ బవనీల వారి వాద్యం జమిడిక. కళింగసీమలో దానిని జముకు అంటారు. జముకుల కథ అనే పేరు దానినుండియే వచ్చినది. గొట్టంవంటి చిన్న పాత్రకు ఒకవైపు చర్మం బిగించి, ఆ చర్మం నడుమనుండి ఒక నరపుతీగను లోపలుగా తీసి, దాని కొసకు పుల్ల కడతారు. వాద్యాన్ని చంకలో ఇరికించుకొని, ఒక చేత తీగను బిగిస్తూ, వదలుతూ, మరొక చేత మీటుతారు. బిగించినప్పుడు ధ్వని పైకి లేస్తుంది, వదలినప్పుడు పాతాళానికి జారుతుంది. మనిషి మూలుగువలె, ఎద్దు రంకెవలె, దూరపు ఉరుమువలె ఒకే వాద్యం పలుకుతుంది. లస్ట్‌మోర్డ్ యంత్రాల సాయంతో సాగదీసి, క్రిందికి జార్చి సాధించిన ధ్వనిని ఈ గాయకుడు ఒక తీగతో, ఒక తోలుముక్కతో సాధిస్తున్నాడు.

కృష్ణాతీరంనుండి పల్నాడు వరకు గల పల్లెలలో అంకమ్మ కొలుపులు ఎరుగనివారు తక్కువ. పంబలవారు జంటపంబలతో వస్తారు. ప్రొద్దుగుంకిన తరువాత నేలపై రంగురంగుల పొడులతో అమ్మవారి పటం వేస్తారు. దీపం వెలిగిస్తారు. మొదట పంబ విడివిడిగా, తీరికగా పలుకుతుంది. కథ సాగుతుంది. కథ వినేవారికి ముందే తెలిసినది; అందుచేత తరువాత ఏమగునో అనే ఆతురత లేదు. వారు కథలో ఉండుటకు వచ్చినారు. రాత్రి ముదిరినకొలది పాట తగ్గుతుంది, పంబ పెరుగుతుంది. దరువు దగ్గరవుతుంది. ఒక ఘడియలో ఆ గుంపులోని ఎవరికో పూనకం వస్తుంది. అమ్మ మాట్లాడుతుంది. ఊరివారు తమ కష్టం చెప్పుకొంటారు. తెల్లవారేసరికి దరువు మరల నెమ్మదిస్తుంది. పటం చెరిగిపోతుంది. జనం ఇండ్లకు పోయి, ఆ రోజు పనిలో పడుతారు.

ఇందులో నమ్మకం ఎంత, మనస్తత్త్వం ఎంత అనే చర్చ ఇక్కడ అనవసరం. జంతుబలుల విషయమైతే 1950 నాటి చట్టం నిషేధించినది. ధ్వనికి రక్తంతో అవసరం లేదు. మనం గమనింపదగినది ఆ రాత్రి నిర్మాణం. దానికి గడప ఉన్నది: పటం వేసి, దీపం పెట్టి, చోటును వేరుపరచుట. దానికి తోడు ఉన్నది: ఊరంతా కలసి కూర్చుండుట. దానికి వాకిలి ఉన్నది: తెల్లవారుటతో బయటకు వచ్చుట. గడప, తోడు, వాకిలి అనే ఈ మూడింటి నడుమ చీకటిని ఉంచినందువల్లనే ఆ చీకటి మనిషికి హాని చేయక, బరువు దించి పంపుతున్నది. శ్రీశైలంలో శివరాత్రి జాగరణను పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో విస్తరించి వర్ణించినప్పుడు కూడ ఈ మూడూ కనిపిస్తవి. భక్తులు కలసి కొండ ఎక్కుతారు, కలసి రాత్రి గడుపుతారు, ఉదయానికి దర్శనం చేసికొంటారు.

యంత్రంతో వినే చీకటి సంగీతానికి ఈ మూడింటిలో గడప ఉన్నది. దీపం ఆర్పుటయే గడప. తోడు మాత్రం తక్కువ. వాకిలిని శ్రోత తానే వెదుకుకొనవలె. దీనిని నింద అనుకొనరాదు. పట్టణపు గదిలో ఒంటరిగా బ్రదికే యువకునకు కొలుపు లేదు, జాగరణ లేదు. తన దుఃఖంతో మర్యాదగా కూర్చుండుటకు అతనికి ఒక చోటు కావలె. ఆ చోటును ధ్వనితో కట్టి ఇచ్చిన కళాకారుడు గౌరవార్హుడు. అయితే చెవులకు గొట్టాలు తగిలించుకొని ప్రతిరాత్రి ఆ గుహలోనికి దిగేవాడు ఉదయాన బయటకు వచ్చుట కూడ నేర్చుకొనవలె. ఒలివెరోస్ వినికిడిని సాధన అన్నది అందుకే. సాధనకు కాలనియమం ఉంటుంది.

లోతు వేరు, మోత వేరు

ఈనాడు మన పల్లెలకు వచ్చిన చిక్కు ఏమనగా, లోతునకు బదులు మోత ప్రవేశించినది. జాతరలలో పంబను వెనుకకు నెట్టి, మనిషియెత్తు పెట్టెలు వచ్చి నిలిచినవి. అవి కూడ మంద్రధ్వనినే చేస్తవి, రొమ్ము అదరగొడతవి. కాని వాటికి మౌనం తెలియదు. పంబవాడు జనం ముఖాలు చూచి దరువు మార్చుతాడు. పెట్టె ఎవరినీ చూడదు. రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటల వరకు ధ్వనివర్ధకాలు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నవి. ఆ నిబంధన కేవలం నిద్రను కాపాడేది అనుకొంటాము. అది వినికిడిని కూడ కాపాడుతుంది. నిశ్శబ్దం ఉన్నచోటనే జమిడిక వినబడుతుంది.

మరొక చిక్కు గౌరవానికి సంబంధించినది. వీణ నేర్చిన బాలికను సభలో సన్మానిస్తాము. పంబలవాని కుమారుడు తన తండ్రి వాద్యం పేరు తరగతిలో చెప్పుటకు సిగ్గుపడుతాడు. ఆ సిగ్గు అతనిది కాదు, మనం అతనికి ఇచ్చినది. కులాన్నిబట్టి కళకు విలువ కట్టిన పాపం వలన ఈ వాద్యాలు శాస్త్రాలకు ఎక్కలేదు. ఇప్పుడు అదే సిగ్గువలన తరువాతి తరానికి ఎక్కుట లేదు. జాయప కాలపు ధ్వని పోయినదని విచారించే మనం, మన కాలపు ధ్వని మన కళ్ళయెదుటనే పోతుంటే ఊరకుండుట న్యాయమా?

ఉపాధ్యాయులు చేయదగినది

ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు. ఉపాధ్యాయులు విద్యార్థులను చేబ్రోలు తీసికొని పోవచ్చు. కోనేటి నడుమ వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం, నాగేశ్వర, భీమేశ్వరాలయాలు చూపించి తేదీలు చెప్పుట ఎటులను జరుగుతుంది. దానితోబాటు ఒక చిన్న పాఠం చేర్చవలె. ఏదేని ఒక మండపంలో అయిదు నిమిషాలు కన్నులు మూసికొని కూర్చుండమనవలె. గంట ఒక్కసారి మ్రోగించి, ఆ నాదం ఎంతవరకు వినబడినదో మనస్సులో లెక్కపెట్టమనవలె. ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్క విధంగా ఉంటుంది. గంట ఒక్కటే, చెవులు వేరు అనే సంగతి పిల్లలకు అప్పుడే తెలుస్తుంది. భౌతికశాస్త్రపు అయ్యవారు అక్కడనే తరంగదైర్ఘ్యం బోధింపవచ్చు. తెలుగు అయ్యవారు ‘క్రీడాభిరామం’ ప్రసక్తి తేవచ్చు.

రెండవ పని పెద్ద విద్యార్థులది. ప్రతి మండలంలో పంబ, జమిడిక, వీరణం వంటి వాద్యాలు ఎరిగిన వృద్ధులు ఒకరిద్దరైనను ఉండవచ్చు. వారివద్దకు వినయంతో పోయి, అనుమతి గైకొని, వారి వాద్యాన్ని ధ్వనిముద్రణ చేయవలె. నేడు ప్రతి చేతిలోని ఫోనూ అందుకు పనికివస్తుంది. కాని మూడు నిమిషాల తునక ముద్రించి తృప్తిపడరాదు. పాట ఏదో ఒకచోట మిగులుతుంది. మిగలనిది దరువుల నడుమ మౌనం, రాత్రి పొడవునా జరిగే ఆ ఎక్కుడుదిగుడులు, వాద్యాన్ని నిప్పుసెగకు కాచి శ్రుతి చేసికొనే తీరు, తోలు ఎంచుకొనే విధం, జనం మధ్యమధ్య ఇచ్చే జవాబు. వీటిని అడిగి వ్రాసికొనవలె. ఆ వృద్ధుని పాఠశాలకు పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, పిల్లలచేత ‘తాతగారూ, ఇది మాకు నేర్పండి’ అని అడిగించవలె. అతని మనుమడు అదే తరగతిలో ఉన్నచో ఆ ఒక్క రోజు ఎన్ని ఏండ్ల సిగ్గును తుడిచివేయునో ఊహింపుడు.

పడమటివారు సమాధి గదులలోనికి, నీటితొట్లలోనికి దిగి వెదకుతున్న గాఢమైన నాదం మన పొలిమేరలో ఇంకను మ్రోగుతున్నది. జాయప సేనాని కాలంలో ధ్వనిని పట్టి ఉంచే సాధనం లేదు. అతనికి తాటాకు, శిల మాత్రమే ఉన్నవి. వాటితో చేయగలిగినదంతా చేసి వెళ్ళినాడు. మనకు సాధనం ఉన్నది, వాయించేవారు ఉన్నారు. కూర్చుండి వినేవారు కావలె.